ఏ చెంపకు ఆ చెయ్యి

పోయిన నెల మా ఆయన మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో పది పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది. గది ఇరుకు. మంచం ఒక పక్క గోడకు ఆనించి ఉంది, మనిషిని అటూ ఇటూ కదపొద్దన్నారు. నాలుగో రోజుకు గడ్డం మాసి, ఫోనులో తన ముఖం తాను చూసుకుని, ఆయన మూతి ముడుచుకున్నారు. ఎముక విరిగినందుకు కూడా అంత బాధపడలేదు. నేను ఇంటికి పోయి, బీరువాలో గుడ్డ చుట్టి పెట్టిన మంగలి కత్తి తీసి, తోలు మీద నాలుగుసార్లు పదును పట్టి తీసుకొచ్చాను. మంచానికి ఇవతలి పక్కనే నిలబడి ఒక చెంప కుడి చేత్తో చేశాను, కత్తి మార్చుకుని గోడవైపు చెంప ఎడమ చేత్తో చేశాను. ఆత్మకూరు నుంచి వచ్చి అక్కడ పని చేసే నర్సు పిల్ల సెలైన్ మార్చడం మరిచిపోయి నన్నే చూస్తూ నిలబడింది. టీచర్‌గా చేసి రిటైరయిన మనిషికి ఈ పని ఎట్లా వచ్చని అడిగింది. పెద్ద కథలే అన్నాను. ఆ సాయంత్రం ఆయన నున్నటి చెంపలు తడుముకుంటూ నిద్రపోతుంటే, కుర్చీలో కూర్చున్న నాకు మిర్యాలగూడ ఒకటే గుర్తుకొచ్చింది.

మా ఇల్లు మిల్లుల రోడ్డులో ఉండేది. ముందు గది నాయిన సెలూను, వెనక గది మా కాపురం, మధ్యలో పాత చీరతో కుట్టిన పరదా. పొద్దున లేస్తూనే ముక్కుకు తగిలేది ఉడికిన వడ్ల వాసన. ఆ వాసన కడుపు నింపినట్టే ఉండేది గానీ, దాని వెంట మిల్లు గొట్టాల్లోంచి నల్లటి మసి కూడా వచ్చేది. అమ్మ ఆరేసిన తెల్ల గుడ్డలు మధ్యాహ్నానికి చుక్కల గుడ్డలయ్యేవి. మిల్లు యజమానులను తిట్టకుండా అమ్మ బట్టలు మడత పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. నాయిన నురగ కలిపే గిన్నెకు ఎప్పుడూ మూత ఉండాల్సిందే. సెలూనులో ఒకే కుర్చీ, ఒకే అద్దం, కూర్చోవడానికి ఒక బల్ల. గది ఎంత ఇరుకంటే కుర్చీ ఎడమ పక్క గోడను రాసుకుని ఉండేది. నాయిన ఎప్పుడూ కుడి పక్కనే నిలబడేవాడు కాబట్టి అటు చోటు ఎవరికీ అవసరం పడలేదు.

షాపు తెరవకముందే నాయిన తన గడ్డం తాను చేసుకునేవాడు. తన గడ్డం మాసిన మంగలి ఊరి గడ్డాలు ఏం చేస్తాడనేది ఆయన మాట. మంగళవారం షాపులకు సెలవు, అయినా ఆయన గడ్డానికి సెలవు లేదు. కుడి చెంప కుడి చేత్తో గీసుకుని, చంటిపిల్లను ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకున్నంత తేలిగ్గా కత్తిని ఎడమ చేతికి మార్చి ఎడమ చెంప గీసుకునేవాడు. మధ్యలో అమ్మతో కూర సంగతి మాట్లాడేవాడు. అయితే అది తన ముఖానికే. షాపులోకి వచ్చినవాళ్ల ముఖం మీద ఆ ఎడమ చేతిలో కత్తి ఏనాడూ ఆడలేదు. ఎడమ చేత్తో మంచినీళ్లు ఇస్తేనే తప్పు పట్టే జనం. అట్లాంటి చేత్తో గడ్డం పట్టుకోనిస్తారా? నాయిన ఆ మాట ఆలోచించాల్సిన అవసరమే అప్పటిదాకా రాలేదు.

అది వచ్చింది. దామరచర్లలో ఎవరి ఇంట్లోనో పసిపిల్లకు పుట్టువెంట్రుకలు తీసి సైకిల్ మీద తిరిగొస్తుంటే, పొట్టు లారీకి దారి ఇవ్వబోయి నాయిన కాలువ గట్టు మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఊళ్లో కట్టు కట్టే ముసలాయన వెదురు దబ్బలు పెట్టి కట్టాడు, కదపొద్దన్నాడు. షాపు తలుపులు మూతపడ్డాయి. మూడోనాడు పొద్దున నాయిన అలవాటుగా పీట వేసుకుని, అద్దం గోడకు ఆనించుకుని, ఎడమ చేత్తో కత్తి తీశాడు. కత్తి పడాలంటే రెండో చెయ్యి తోలును సాగదీసి పట్టాలి. ఆ చెయ్యేమో కట్టులో ఉంది. నన్ను పిలిచి ఎడమ చెంప పట్టమన్నాడు. నేను సాగదీసి పట్టాను, ఆయన గీసుకున్నాడు. ఎడమ చెంప నున్నగా వచ్చింది. కుడి చెంపకు వచ్చేసరికి ఎడమ చెయ్యి ముక్కు దాటి అటు పోనంది. ఎన్ని వంకర్లు తిరిగినా కుదరలేదు. ఆ రోజంతా సగం గడ్డంతో తిరిగాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, తరవాత పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. వేరే మంగలి దగ్గరికి పోయి కూర్చోవడానికి నాయినకు మనసొప్పలేదు.

మరునాడు ఆ కుడి చెంపకు నన్నే కత్తి పట్టమన్నాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, సెలవులు. మా కులంలో ఆడవాళ్లు కాన్పులు చేసేవాళ్లు, పసిపిల్లలకు నలుగు పెట్టేవాళ్లు గానీ మగవాళ్ల గడ్డానికి కత్తి పట్టిన ఆడది లేదు. అమ్మ వద్దంది. ఇంట్లో మనకు సిగ్గేంటని నాయిన పరదా దింపించాడు. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని కుడి చేత్తో మొదలుపెట్టాను. గదిలోకి వెలుతురు వచ్చే తలుపు నా కుడివైపు ఉంది, నా చెయ్యి నీడ సరిగ్గా గీయాల్సిన చోటే పడింది. ఒక గాటు, దాని పక్కనే ఇంకొకటి. నాయిన పటిక రుద్దుకుని, కసరకుండా, కత్తి తీసి నా ఎడమ చేతిలో పెట్టాడు.

"ఏ చెంపకు ఆ చెయ్యి బిడ్డా. నీ ఎడమ చేతికి ఎదురుంగ ఏ చెంప ఉన్నదో, అది ఆ చేతిదే. కుడి చేతిని దాని మీదికి తోలకు."

ఎడమ చేత్తో నేను అప్పటిదాకా బలపం కూడా పట్టలేదు. కత్తి పట్టుకుంటే అది నాది కానట్టు ఉండేది. ఆయన ముఖం మీద పెట్టే ముందు బూడిద గుమ్మడికాయ మీద నేర్చుకోమన్నాడు. దాని మీద నూగు, బూడిద పోవాలి, తోలు తెగకూడదు. పెరట్లో ఉన్న గుమ్మడికాయలన్నీ నా చేతిలో గాట్లు పడి, అమ్మ చేతిలో వడియాలయ్యాయి. ఆ ఏడు మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ వడియాలు మూట కట్టుకుని పోయారు. పది రోజులకు ఒక సంగతి తెలిసింది. చెయ్యి వణికేది చేతిలో బలం లేక కాదు, మోచెయ్యి గాలిలో ఉండడం వల్ల. మోచేతిని డొక్కకు ఆనించుకుని, కత్తిని పిట్టను పట్టుకున్నట్టు పట్టుకుని, మణికట్టు మాత్రం తిప్పితే కత్తి దానంతటదే నడిచింది. నెల తిరిగేసరికి నాయిన కుడి చెంప నా ఎడమ చేతిదైపోయింది. ఆయన కళ్లు మూసుకుని కూర్చునేవాడు. సబ్బు వాసన, మిల్లు చప్పుడు, కత్తి కింద వెంట్రుక తెగే సన్నటి గరగర. మా నాయిన ముఖాన్ని నేను అంత దగ్గరగా చూసింది ఆ రోజుల్లోనే. కంటి కింద చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలిసింది.

కట్టు విప్పాక చెయ్యి వంకరగా అతికిందని తేలింది. బొటనవేలు, చూపుడువేలు పట్టు తప్పాయి. గుడ్డ పిండగలదు, చెంప తోలు సాగదీయగలదు, అంతే. కత్తి పడితే వణికేది. ఆ మాట విని కోదాడ నుంచి చిన్నాయన వచ్చాడు. నాయినకు ఒక్కడే తమ్ముడు, మంచివాడు. కోదాడలో రెండు కుర్చీల సెలూను, పెళ్లాం ఆంధ్రా మనిషి, మాట కూడా ఆ వైపు మాటే అయిపోయింది. వచ్చినవాడు వచ్చినట్టే నాయిన చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఇంక ఇదంతా ఎందుకు? కోదాడ వచ్చెయ్యి. నా షాపులో కూర్చో చాలు. కత్తులు నూరి పెట్టు, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఉండు. నిన్ను నేను చూసుకోనా?"

అందులో తప్పేం లేదు. ప్రేమతోనే అన్నాడు. కానీ నాయిన ముఖం చూసిన నాకు అర్థమైంది. కత్తి పట్టని మంగలిగా, తమ్ముడి షాపులో మూలన కూర్చోవడం ఆయనకు ఉరిశిక్షతో సమానం. ఎడమ చేత్తో నేర్చుకుంటానన్నాడు. చిన్నాయన మొక్కై వంగనిది మానై వంగునా అన్నాడు. వానలు పడేదాకా చూడు, అప్పటికి రాకపోతే నువ్వు చెప్పినట్టే వింటానని నాయిన మాట ఇచ్చాడు. చిన్నాయన సరేనని బస్సెక్కాడు.

ఇక్కడొక చిక్కు ఉంది. నాయిన ఎడమ చేతికి తన ముఖం తెలుసు, అదీ ఒక చెంపే. ఎదుటివాళ్ల ముఖం తెలియదు. తన ముఖం మీద చెయ్యి ఒక తీరుగా తిరిగితే, ఎదుటివాళ్ల ముఖం మీద ఇంకో తీరుగా తిరగాలి. ఆ తీరు మా ఇంట్లో అప్పటికి తెలిసింది నాకొక్కదానికే. నేను ఆయన గడ్డం చేస్తుంటే అద్దం పట్టుకుని నా చేతిని చూసేవాడు. జర మల్ల సూపియ్యి, ఇంకొంచెం నిమ్మలంగ అనేవాడు. మళ్లీ గుమ్మడికాయలు వచ్చాయి, మళ్లీ వడియాలు. మోచెయ్యి డొక్కకు ఆనించమని నేను పంతులమ్మలాగా గదమాయిస్తే, ముప్పై ఏళ్లు కత్తి పట్టిన మనిషి సరేనని తల ఊపేవాడు. ఒక మంగళవారం మేం ముగ్గురం కలిసి కుర్చీని ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపాం, ఆయన ఎడమ పక్క నిలబడడానికి చోటు చేశాం. ఆ తరవాత నెల రోజులు పాత గిరాకీలు అలవాటు కొద్దీ వచ్చి, కుర్చీ లేని చోట కూర్చోబోయి తమాయించుకునేవాళ్లు.

షాపు తెరిచిన రోజు మొదట వచ్చింది దేవదానం. మిల్లులో బస్తాలు మోసే హమాలీ, ఆదివారం చర్చికి పోయే ముందు నాయిన చేతిలో గడ్డం చేయించుకోకపోతే ప్రార్థనలో కూర్చోలేనని చెప్పేవాడు. నాయిన ఎడమ చెయ్యి సంగతి ముందే చెప్పి, ఇష్టం లేకుంటే పోవచ్చన్నాడు. దేవదానం నవ్వి, బస్తా ఈ భుజం మీద మోసినా ఆ భుజం మీద మోసినా బియ్యం బియ్యమేనన్నాడు. కూర్చున్నాడు. పరదా వెనక నుంచి అమ్మా నేనూ చూస్తున్నాం. ఒక్క గాటు లేకుండా అయిపోయింది. వారంలో మిల్లు హమాలీలు, తాపీవాళ్లు, రిక్షావాళ్లు అందరూ వచ్చారు. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. వెంకటరెడ్డి పటేలు వచ్చాడు. దామరచర్ల వైపు పొలాలున్న పెద్దమనిషి, మిర్యాలగూడలో మేడ కట్టుకున్నాడు, ఏళ్ల తరబడి నాయిన దగ్గరికే వచ్చేవాడు. ఆయన కుర్చీలో కూర్చోగానే నాయిన ఏం చేశాడో తెలుసా? ఎడమ చేత్తో పటేలు గడ్డం పట్టడం మర్యాద కాదని, కత్తి తీసి ఆ వంకర కుడి చేతికి మార్చాడు. చెవి కింద ఒక గాటు, దవడ మీద ఒకటి. పటేలు పటిక రాయించుకుని పోయాడు. ఆయనే కాదు, తహసీలు ఆఫీసు గుమాస్తా, బడి పెద్దసారు, ఎవరిని నాయిన పెద్దవాళ్లనుకుంటే వాళ్లందరికీ అదే మర్యాద. వణికే కుడి చెయ్యి. హమాలీలకేమో ఆడుతున్న ఎడమ చెయ్యి. నెలలో మా రోడ్డు మీద ఒక వింత కనిపించింది. పెద్దమనుషులు గడ్డం మీద కాగితం ముక్కలు అతికించుకుని తిరుగుతున్నారు, బస్తాలు మోసేవాళ్లు పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నారు. పెద్దోళ్లకు గాట్లు, కూలోళ్లకు నునుపు అని అమ్మ దెప్పింది. నాయిన నవ్వలేదు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. మబ్బులు పడుతున్నాయి. చిన్నాయన దగ్గర నుంచి కార్డు కూడా వచ్చింది, ఎప్పుడు రమ్మంటావని.

నాకు ఆ రోజుల్లో ఒళ్లు మండిపోయేది. చెప్తే వినడు. ఎడమ చెయ్యి వాడు నాయినా అంటే, నీకు తెల్వదు బిడ్డా, మనుషులకు మనసు నొస్తది అనేవాడు. ఆ తరవాతి మంగళవారం ఆయన గడ్డం చేయడానికి ఎప్పటిలాగే ఎదురుగా కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను కావాలనే కత్తిని కుడి చేత్తో పట్టి, నీడ పడుతున్న ఆ కుడి చెంప మీద పెట్టి ఒక్క గీత గీశాను. అనుకున్నట్టే తెగింది. చిన్న గాటే గానీ, రక్తం చుక్క నురగలో ఎర్రగా పాకింది. ఆయన కళ్లు తెరిచి, నా చెయ్యి చూసి, ఏ చెయ్యి వాడుతున్నావని గద్దించాడు. నేను ముందే తయారుచేసుకున్న మాట అనేశాను.

"నువ్వు పెద్దోనివి గద నాయినా. ఎడమ చెయ్యి పెడితే నీ మనసు నొస్తదని, మర్యాద కోసం కుడి చేత్తో చేసిన."

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. నాయిన నన్ను కొట్టి ఉంటే బాధపడేదాన్ని కాదు. పటిక కూడా రాసుకోలేదు. తరవాత తనే కత్తి తీసి నా ఎడమ చేతిలో పెట్టి, కానియ్యి అన్నాడు. నేను మిగతా చెంప చేశాను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే చేస్తాను.

రెండు రోజులకు, ఇంకా రావడం మానని పటేలు వచ్చాడు. ఆయన బల్ల మీద కూర్చునేసరికి కుర్చీలో దేవదానం ఉన్నాడు. నాయిన ఎడమ చెయ్యి ఆడుతుంటే పటేలు పత్రిక పక్కన పెట్టి కళ్లార్పకుండా చూశాడు. దేవదానం లేచాడు, పటేలు కూర్చున్నాడు. నాయిన కత్తి పట్టుకుని నిలబడిపోయాడు. ఆ చెయ్యి ఎటు పోతుందోనని పరదా సందులోంచి నేను చూస్తున్నాను. నాయిన నోరు తెరిచి, పటేలా, నా కుడి చెయ్యి పనికి రాకుండా పోయింది, మీకు సమ్మతమైతే ఎడమ చేత్తో చేస్తాను, లేకుంటే వేరే షాపు చూసుకోండి అన్నాడు. అంత సూటిగా ఆయన పెద్దవాళ్లతో మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. పటేలు అద్దంలో తన దవడ మీది పాత గాట్లు చూసుకున్నాడు, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటున్న దేవదానాన్ని చూశాడు.

"వానికి ఏ చేత్తో చేసినవో, నాకూ గా చేత్తోనే చెయ్యి."

అయిపోయాక రెండు చెంపలూ తడుముకుని, గిన్ని దినాలు గీ చెయ్యి ఏడ దాసినవ్ లింగయ్యా అని అడిగాడు. పటేలు మహానుభావుడని నేను అనను. ఆయనకు గాట్లు వద్దు, నునుపు కావాలి, అంతే కావచ్చు. అయినా ఆ మాటకు నేను ఇప్పటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. అంతకంటే ముందు దేవదానానికి పెడతాను. ఎవరూ కూర్చోని కుర్చీలో మొదట కూర్చున్నవాడి ధైర్యమే ధైర్యం.

ఇప్పుడు ఆ రోడ్డులో అద్దాల తలుపుల సెలూన్లు వచ్చాయి. ఏసీ, మెత్తటి కుర్చీలు, ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. పనివాళ్లు ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేస్తారు, అది మంచిదే, నేను కాదనను. కుర్చీయే తిరుగుతుంటే చెయ్యి మార్చుకోవాల్సిన పని ఎవరికి ఉంది? ఎడమ చేతివాళ్లు ఇప్పుడు ఎడమ చేత్తోనే రాస్తున్నారు, తింటున్నారు, నా మనవరాలు కూడా. దాని వేళ్ల మీద కొట్టే టీచర్లు లేరు. ఆ మాటకొస్తే నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ నా క్లాసులో ఏ పిల్ల చెయ్యీ మార్పించలేదు. నాకు వచ్చిన చదువులో ఎక్కువ పాలు ఆ పరదా వెనక, గుమ్మడికాయల మధ్య వచ్చిందేనని అనిపిస్తుంది. చిన్న ఇల్లు, చాలని తిండి, మసి పట్టిన బట్టలు, అయినా ఆ రోజులు తలుచుకుంటే నాకు లేమి గుర్తు రాదు. నా చేతిలో కత్తి పెట్టి, నా ముందు కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి నమ్మకం గుర్తొస్తుంది.

ఆ ఏడు మొదటి వాన పడ్డ రెండు రోజులకు చిన్నాయన అన్నట్టే కోదాడ బస్సు దిగాడు. సామాను కట్టించడానికని తాళ్లు కూడా తెచ్చుకున్నాడు. షాపులో ముగ్గురు గిరాకీలు ఉన్నారు. ఆయన బల్ల మీద కూర్చుని ఆ ముగ్గురూ అయ్యేదాకా చూశాడు. ఆఖరి మనిషి పోయాక లేచి తనే వెళ్లి కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. మంగలికి మంగలి గడ్డం ఇవ్వడమంటే మాటలు కాదు, ప్రతి గీతా పరీక్షే. నాయిన నురగ పూశాడు, ఎడమ చేత్తో చేశాడు. అయిపోయాక చిన్నాయన వేళ్ల వెనకభాగంతో కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురుగా, రెండు చెంపలూ గొంతూ తడిమి చూసుకున్నాడు. ఆ తరవాత సామాను ఊసు ఎత్తలేదు.

"అన్నయ్యా, నా రెండో కుర్చీ గోడ పక్కనే ఉంది, అటు చెయ్యి పోక చస్తున్నాను. ఈ ఎడమ చెయ్యి నాకు కూడా నేర్పిస్తావా?"

నాయిన కత్తి తుడిచి మడిచాడు. అమ్మ కట్టి పెట్టిన ఆ పరదాను, అంతకాలం నన్ను దాచిపెట్టిన పరదాను, తన చేత్తోనే పక్కకు లాగాడు.

"నేర్పేటోన్ని నేను గాదురా. నాకు నేర్పింది నా బిడ్డ. దాన్నడుగు."

చిన్నాయన కుర్చీలోంచి లేచి నా వైపు తిరిగాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడి, ఎట్లా పట్టుకోవాలో చూపించమ్మా అన్నాడు.